పెడల్ లేదు గాని, క్లచ్ ఉంది

విశాఖపట్నం మధురవాడ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, పనిచేసే చోటు బయటపెట్టవద్దని కోరారు కనుక, వయసు 49 అని, సిరిపురం ప్రాంతంలో ఒక కార్యాలయంలో ఉద్యోగమని మాత్రం చెబుతాను. ఎడమ మోకాలి కీలు అరిగిందని, క్లచ్ తొక్కడం తగ్గించుకోమని డాక్టరు చెప్పడంతో ఆమె పది నెలల కిందట, అప్పటికే 26,000 కిలోమీటర్లు తిరిగిన ఒక ఆటోమేటిక్ కారును సెకండ్ హ్యాండులో కొన్నారు. సంపత్ వినాయగర్ గుడి ముందు పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, మర్నాటి నుంచే ఆఫీసుకు దానిమీద వెళ్లడం మొదలుపెట్టారు. రానూ పోనూ రోజుకు సుమారు 28 కిలోమీటర్లు. వారానికి రెండు సాయంత్రాలు పెదవాల్తేరులో ఉండే తల్లిని ఫిజియోథెరపీకి తీసుకెళ్లి, మళ్లీ ఇంటి దగ్గర దింపడం కూడా ఆమె పనే.

మొదటి నెల హాయిగా గడిచిందట. ఆ తరువాత, సాయంత్రం హనుమంతవాక దాటి జూ వైపు ఎత్తెక్కేటప్పుడు బండ్లు బారులు తీరి ఆగి ఆగి కదులుతుంటే, కారులో జుట్టు కాలినట్టు వాసన రావడం మొదలైంది. ఒక ఉదయం మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర, ముందున్న మోటారు సైకిల్ కదిలినట్టే కదిలి ఆగిపోగా, కంగారులో రెండు కాళ్లూ పెడళ్ల మీద పడి, కారు ముందుకు జరిగి ఆ బండి వెనక లైటు పగిలింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. లైటు ఖరీదు ఇచ్చి వచ్చేశారు. ఆ రోజు నుంచి భయంకొద్దీ ఎడమ కాలిని ఎప్పుడూ బ్రేకు మీదే ఉంచి నడుపుతున్నారు. ఇప్పుడు మీటరు 33,000 దగ్గర ఉంది. పోయిన నెల షెడ్డులో చూపిస్తే క్లచ్ ప్లేటు పోయిందని, మార్చడానికి 22,000 రూపాయలవుతుందని మెకానిక్ చెప్పారు. పాతికేళ్లుగా మాన్యువల్ కారు నడుపుతున్న భర్త, "నీ చేతికి ఏ బండి ఇచ్చినా ఇంతే. అమ్మేసి బస్సులో వెళ్లు, ఆడవాళ్లకు ఎలాగూ టిక్కెట్టు లేదు" అన్నారు. హైదరాబాదులో ఉండే కొడుకు, ఇది తీసేసి ఎలక్ట్రిక్ కారు కొనమంటున్నాడు. "తప్పు నాదా, కారుదా? బాగు చేయించుకోవాలా, అమ్మేయాలా? ఇంత జరిగాక నేను మళ్లీ ధైర్యంగా నడపగలనా?" అన్నవి ఆమె ప్రశ్నలు.

మీ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. ఇందులో మూడు సంగతులు ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. కారు లోపల జరుగుతున్నది ఒకటి, మీ కాళ్లకు అలవాటైనది ఒకటి, ఇంట్లో మీరు పడుతున్న మాట ఒకటి. మూడూ కలిసి "నాకు డ్రైవింగ్ చేతకాదు" అనే ఒకే బాధగా మీ మీద కూర్చున్నాయి. విడదీసి చూస్తే వీటిలో ఏదీ మీరు అనుకుంటున్నంత పెద్దది కాదు.

ముందుగా కారు సంగతి. మీరు దాన్ని ఆటోమేటిక్ అని మాత్రమే రాశారు. కాని ఉత్తరం మూడో పేజీలో రెండు ఆనవాళ్లు ఇచ్చారు. గేరు రాడ్ దగ్గర ఆర్ (రివర్స్), ఎన్ (న్యూట్రల్), డి (ముందుకు నడపడానికి), ఎం (గేరు మనమే మార్చుకోవడానికి) అనే అక్షరాలే ఉన్నాయని, పార్కింగుకు పి అనేది లేదని రాశారు. గేరు మారినప్పుడల్లా కారు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి తల ఊపినట్టు అనిపిస్తుందని కూడా రాశారు. ఈ రెండూ ఉంటే అది దాదాపుగా ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) అని పిలిచే రకం. 2014లో మారుతి సెలెరియోతో ఈ పద్ధతి మన దేశంలో సామాన్యుల కార్లలోకి వచ్చింది, ఆ తరువాత చాలా కంపెనీలు దాన్ని తమ చిన్న కార్లలో పెట్టాయి. ధర తక్కువ, మైలేజీలో మాన్యువల్‌కు తీసిపోదు. అందుకే మన ఊళ్లో ఆటోమేటిక్ అని అమ్మే చిన్న కార్లలో ఇవే ఎక్కువగా కనిపిస్తాయి.

ఇక్కడ మీకు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. ఏఎంటీ అంటే మీవారు నడిపే మాన్యువల్ గేరుబాక్సే. లోపల అదే క్లచ్ ప్లేటు, దాన్ని అదిమి పట్టే అదే ప్రెషర్ ప్లేటు. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మీ కాలి నుంచి, చేతి నుంచి తీసి ఒక చిన్న యంత్రానికి అప్పగించారు, అంతే. మీ కారులో క్లచ్ పెడల్ లేదు గాని, క్లచ్ ఉంది. దాన్ని మీరు తొక్కకపోయినా, మీ కుడికాలు చేసే ప్రతి పనిని బట్టి ఆ యంత్రం మీ బదులు తొక్కుతూ, వదులుతూ ఉంటుంది.

క్లచ్ ఎప్పుడు అరుగుతుందో తెలిస్తే మీ హనుమంతవాక వాసన ఎక్కడిదో అర్థమవుతుంది. ఇంజిను ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, చక్రాలు ఆగుతూ కదులుతూ ఉంటాయి. ఇంజినుతో పాటు తిరిగే ఫ్లైవీలు అనే చక్రం మీదకు క్లచ్ ప్లేటును పూర్తిగా అదిమితే రెండూ ఒకటై తిరుగుతాయి. పూర్తిగా విడిపిస్తే ఒకదాన్నొకటి తాకవు. ఈ రెండు స్థితుల్లోనూ అరుగుదల లేదు. సగం అదిమి సగం వదిలినప్పుడే ఒకటి వేగంగా, మరొకటి నెమ్మదిగా తిరుగుతూ రాసుకుంటాయి, వేడెక్కుతాయి, ప్లేటు మీది లైనింగు మాడి ఆ వాసన వస్తుంది. యాక్సిలరేటరు తొక్కకుండా ఇంజిను ఐడిల్‌లో ఉండి మొదటి గేరు పూర్తిగా పట్టినప్పుడు ఇలాంటి చిన్న కార్లు గంటకు సుమారు 6, 7 కిలోమీటర్ల వేగంతో వెళతాయి. అంతకంటే నెమ్మదిగా, మనిషి నడకలో, అంగుళం అంగుళం జరుపుతూ వెళ్లాలంటే క్లచ్ సగం జారుతూ ఉండాల్సిందే. మాన్యువల్‌లో దీన్నే హాఫ్ క్లచ్ అంటారు. మీ కారులో అది ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో మీ కాలికి తెలియదు. తేడా అంతా అక్కడే ఉంది.

ఇప్పుడు మీరే రాసిన ఒక వాక్యం చూడండి. "ఎత్తులో ఆగినప్పుడు మావారు నేర్పినట్టే, మాటిమాటికీ బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటరుతోనే కారును బ్యాలెన్స్ చేసి నిలబెడతాను" అని రాశారు. వాసనకు కారణం ఈ వాక్యంలోనే ఉందని నా నమ్మకం. మీవారు మాన్యువల్‌లో హాఫ్ క్లచ్ మీద బండిని ఎత్తులో నిలబెట్టడం ఒక నేర్పుగా నేర్చుకున్న తరం. అక్కడ కూడా అది ప్లేటును తినే పనే. కాని ఎడమ కాలు బరువును బట్టి వారు ఎంతసేపు, ఎంత జారనిస్తున్నారో వారికి తెలుస్తుంది, రెండు మూడు క్షణాల్లో ముగిస్తారు. అదే పాఠాన్ని మీ కారుకు అన్వయిస్తే, వెనక్కి జారకుండా మీరు యాక్సిలరేటరును ఎంత పట్టి ఉంచితే అంతసేపూ ప్లేటు రాసుకుంటూనే ఉంటుంది. ఎత్తు మీద ముందు లారీ కదిలేదాకా ఒక నిమిషం అలా నిలబెట్టారనుకోండి, ఆ ఒక్క నిమిషం చదును రోడ్డు మీద చాలా రోజుల ప్రయాణం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఈ తప్పు మీ ఒక్కరిదే అనుకోకండి. ఇలాంటి కారు నాకు కొత్తగా ఉన్న రోజుల్లో, సింహాచలం కొండ రోడ్డు మీద ముందు వెళుతున్న బస్సు ఆగి ఆగి ఎక్కుతుంటే నేనూ యాక్సిలరేటరుతోనే నిలబెట్టాను. రెండు మలుపులు తిరిగేసరికి కారంతా వాసన. వెనక సీటులో ఉన్న మా అమ్మ, కింద ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకుంది. పక్కకు ఆపి, ఇంజిను ఆపి, పావుగంట చల్లారనిచ్చి బయలుదేరాం. ఆ రాత్రి ఓనర్స్ మాన్యువల్ తీసి చదివితే, ఎత్తులో యాక్సిలరేటరుతో కారును నిలబెట్టవద్దని స్పష్టంగా రాసి ఉంది. మీ కారు మాన్యువల్‌లో కూడా ఈ హెచ్చరిక ఉండే అవకాశం ఎక్కువ. సెకండ్ హ్యాండులో కొన్నప్పుడు ఆ పుస్తకం మీ చేతికి రాకపోతే, చాలా కంపెనీలు దాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇస్తున్నాయి.

అయితే ప్లేటు పూర్తిగా మీ వల్లే పోయిందని నేను అనను. మీరు నడిపింది సుమారు 7,000 కిలోమీటర్లు. అంతకు ముందు 26,000 కిలోమీటర్లు ఎవరు, ఏ ఊళ్లో, ఎలా నడిపారో మీకూ తెలియదు, మీవారికీ తెలియదు. వారు కూడా ఎత్తుల మీద ఇదే పని చేసి ఉంటే, సగానికి పైగా అరిగిన ప్లేటే మీ చేతికి వచ్చి ఉండవచ్చు. ఇంకో సంగతి, వాసన వచ్చినంత మాత్రాన ప్లేటు పోయినట్టు కాదు. పోతే కనిపించే గుర్తులు వేరు: యాక్సిలరేటరు తొక్కితే ఇంజిను శబ్దం, ఇంజిను ఎంత వేగంగా తిరుగుతోందో చూపే టాకోమీటరు ముల్లు పైకి వెళ్లి, కారు మాత్రం ఆ మేరకు వేగం అందుకోదు. లేదా బయలుదేరేటప్పుడు కారు గజగజ వణుకుతుంది. ఇవి ఉన్నాయని మీరు రాయలేదు. కాబట్టి 22,000 చెల్లించే ముందు, కంప్యూటర్ పెట్టి ఏఎంటీ గేరుబాక్సును పరీక్షించగల సర్వీస్ సెంటరులో ఇంకోసారి చూపించడం మంచిది. మీ కారులో క్లచ్‌ను నొక్కేది ఆయిల్ ఒత్తిడితో పనిచేసే యంత్రమైతే, ఆ ఆయిల్ తగ్గినా క్లచ్ సరిగ్గా పట్టదు. అదీ చూడమనండి.

ఇక కాళ్ల విషయం. నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది ఇదే. ఎడమ కాలిని బ్రేకు మీద ఉంచడం మీకు భద్రతలా తోస్తోంది, కాని మద్దిలపాలెంలో జరిగినది మళ్లీ జరగడానికి అదే దారి వేస్తుంది. ఏళ్ల తరబడి క్లచ్ తొక్కిన ఎడమ కాలికి ఒకటే తెలుసు, అడుగుదాకా తొక్కడం. బ్రేకును మెల్లగా, కొలిచి నొక్కడం దానికి రాదు. కంగారులో అది బ్రేకును గట్టిగా తొక్కితే వెనక వచ్చే ఆటో మీ డిక్కీలో ఉంటుంది. కుడికాలు అదే క్షణంలో యాక్సిలరేటరు మీద ఉంటే, కారు ఏ కాలి మాట వినాలో మీ చేతిలో ఉండదు. పైగా ఎడమ కాలు తెలియకుండా కొద్దిగా ఆనినా వెనక బ్రేకు లైట్లు వెలుగుతూనే ఉంటాయి, మీరు నిజంగా ఆగుతున్నప్పుడు వెనక వాళ్లకు తెలియదు. సగం నొక్కిన బ్రేకుకు ఎదురుగా కారు కదలాలని చూస్తే, మళ్లీ క్లచ్ జారుడే.

మార్చుకునే పద్ధతి చిన్నది. సీటులో కూర్చుని, ఇంజిను ఆపి ఉన్నప్పుడు చేసి చూడండి. సీటును ముందుకు జరుపుకోండి. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు కూడా కుడి మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. పొట్టిగా ఉన్నానని, కాలు చాచి నడుపుతానని రాశారు. కాలు చాచితే మడమ నేల మీద నుంచి లేస్తుంది, లేచిన కాలు ఎక్కడ దిగుతుందో కళ్లతో చూసుకోవాల్సి వస్తుంది. కుడి మడమను బ్రేకుకు సూటిగా నేల మీద ఆనించండి. అక్కడి నుంచి మడమ కదపకుండా వేళ్ల భాగాన్ని మాత్రమే కుడివైపు తిప్పి యాక్సిలరేటరును అందుకోండి, మళ్లీ ఎడమకు తిప్పి బ్రేకు మీదకు తీసుకురండి. మడమ తలుపు కీలులా ఒకేచోట ఉండాలి. ఇలా తిప్పినప్పుడు, ఏమీ చేయకుండా ఉంటే కాలు ఎప్పుడూ బ్రేకు ముందే ఉంటుంది. ఎడమ కాలిని పెడళ్లకు ఎడమ పక్కన, నేల మీద పెట్టి వదిలేయండి. మోకాలికీ అదే విశ్రాంతి. మడమకు పట్టీ లేని చెప్పులతో నడపకండి. చీర కట్టుకున్న రోజు కుచ్చిళ్లు కుడి మడమ కింద పడకుండా చూసుకుని బయలుదేరండి. డ్రైవరు వైపు మ్యాటు జరిగి పెడల్ కిందకు వెళుతోందేమో కూడా చూడండి. సెకండ్ హ్యాండు కార్లలో ఒక మ్యాటు మీద ఇంకో మ్యాటు వేసి ఇస్తుంటారు.

ఒక ఆదివారం ఉదయం కొమ్మాది అవతల ఖాళీ లేఅవుట్ రోడ్ల మీద గంటసేపు ఇదే అభ్యాసం చేయండి. కదలడం, ఆగడం, మళ్లీ కదలడం, అంతే. పక్క సీటులో ఎవరూ లేకపోతే మరీ మంచిది, ఉంటే మాట్లాడని వాళ్లు ఉండాలి. మళ్లీ ధైర్యంగా నడపగలనా అన్న ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఈ గంట అభ్యాసమే. మద్దిలపాలెంలో చెదిరింది కాలి అలవాటు. అది కుదురుకున్న కొద్దీ భయం తగ్గడం నేను చాలామందిలో చూశాను. ఒక్క ఆదివారంతో కాకపోతే, మూడు నాలుగు ఆదివారాలు పట్టవచ్చు.

రద్దీలో ఏం చేయాలో కూడా చెబుతాను, ఎందుకంటే కారు మార్చినా మార్చకపోయినా ఇది మీకు పనికొస్తుంది. ముందు బండి అడుగు జరిగితే మీరూ అడుగు జరగాలనే తొందర పెట్టుకోకండి. ఒక కారు పట్టేంత జాగా అయ్యేదాకా బ్రేకు గట్టిగా తొక్కి ఉండండి. బ్రేకు గట్టిగా తొక్కి ఉన్నంతసేపు క్లచ్ విడిపోయే ఉంటుంది, అరగదు. జాగా దొరికాక బ్రేకు పూర్తిగా వదిలి, కొద్దిగా యాక్సిలరేటరు ఇచ్చి, క్లచ్ పట్టేలా నిక్కచ్చిగా కదిలి, మళ్లీ పూర్తిగా ఆగండి. ఆ జాగాలోకి ఒక స్కూటరు దూరుతుంది, ఇంకో ఆటో దూరుతుంది, వెనక నుంచి హారన్లు కొడతారు. దూరనివ్వండి. ఇసుకతోట నుంచి మద్దిలపాలెం దాకా ఎన్ని బండ్లు దూరినా మీకు పోయేది రెండు మూడు నిమిషాలే. సిగ్నల్ అరనిమిషం లోపుదైతే డి లోనే బ్రేకు తొక్కి ఉంటే చాలు. నిమిషం దాటే సిగ్నల్ దగ్గర ఎన్ లోకి తెచ్చి హ్యాండ్ బ్రేకు వేసుకోండి, మోకాళ్లు రెండూ విశ్రాంతి తీసుకుంటాయి. తిరిగి బయలుదేరేటప్పుడు బ్రేకు తొక్కి డి లోకి వేశాక ఒక్క క్షణం ఆగండి. ఆ యంత్రం గేరు వేసుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది, ఈలోపే యాక్సిలరేటరు తొక్కితే కారు ఎగిరినట్టు కదులుతుంది.

ఎత్తు మీద ఆగితే యాక్సిలరేటరును మరిచిపోండి. ఆగి ఉన్నంతసేపు బ్రేకు, ఎక్కువసేపు ఆగాల్సివస్తే హ్యాండ్ బ్రేకు. కదిలేటప్పుడు హ్యాండ్ బ్రేకు వేసే ఉంచి, డి లో కొద్దిగా యాక్సిలరేటరు ఇవ్వండి. కారు ముందుకు లాగుతూ ముక్కు కాస్త పైకి లేచినట్టు తెలియగానే హ్యాండ్ బ్రేకు దించండి. ఒక్క అంగుళం కూడా వెనక్కి రాదు. మీ కారులో హిల్ హోల్డ్ ఉంటే బ్రేకు మీద నుంచి కాలు తీశాక సుమారు రెండు సెకన్లు కారును అదే పట్టి ఉంచుతుంది, ఉందో లేదో పుస్తకంలో చూసుకోండి. హనుమంతవాక నుంచి ఎండాడ దాకా ఎక్కేటప్పుడు ఎం లోకి మార్చి మొదటి గేరులోనో రెండో గేరులోనో ఉంచితే, యంత్రం మాటిమాటికీ ఒకటి, రెండు మధ్య ఊగిసలాడదు. తిరుగు దిశలో పల్లానికి దిగేటప్పుడు మాత్రం ఎప్పుడూ ఎన్ లో వేయవద్దు. పెట్రోలు కలిసొస్తుందని కొందరు చెబుతారు. గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే ఇప్పటి ఇంజిన్లు పెట్రోలును ఎలాగూ ఆపేస్తాయి, ఇంజిను బండిని పట్టి ఉంచుతుంది కూడా. ఎన్ లో ఆ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

ఇక మీ ముందున్న దారులు. కారు బాగు చేయించి ఉంచుకుంటే, పెట్టిన 22,000 తిరిగి రావడమనేది పూర్తిగా పైన చెప్పిన అలవాట్ల మీద ఆధారపడి ఉంటుంది. అవి మారితే కొత్త ప్లేటు చాలా ఏళ్లు రావచ్చు, మారకపోతే రెండేళ్లలో మళ్లీ ఇదే బిల్లు. ప్లేటు మార్చాక గేరుబాక్స్ కంప్యూటరుకు కొత్త క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో నేర్పించే పని ఒకటుంటుంది. మామూలు షెడ్డుల్లో కొందరు అది చేయకుండానే బండి ఇచ్చేస్తారు, ఆ తరువాత కుదుపులు వస్తే డ్రైవరునే తప్పుపడతారు. కాబట్టి డబ్బు ఇచ్చే ముందు ఆ పరికరం ఉందా అని అడగండి.

అమ్మి వేరే రకం ఆటోమేటిక్ కొనడం రెండో దారి. టార్క్ కన్వర్టర్ ఉన్న కారులో ఇంజినుకూ గేరుబాక్సుకూ మధ్య రాసుకునే ప్లేటుకు బదులు ఆయిల్ ఉంటుంది. ఒక ఫ్యాను ఆయిల్‌ను తిప్పితే ఆ ఆయిల్ రెండో ఫ్యానును తిప్పుతుంది. మీరు వెళ్లే రోడ్డు మీద అంగుళం అంగుళం జరగడానికి ఇంతకు మించిన ఏర్పాటు లేదు, అరిగేది ఏమీ ఉండదు. గేర్లకు బదులు బెల్టుతో వేగాన్ని మెల్లగా మార్చే సీవీటీ రకం కూడా సాఫీగా ఉంటుంది, చాలావాటిలో బయలుదేరడానికి ఇదే టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు క్లచ్‌లు ఉండే డీసీటీ రకానికి మాత్రం, అందులోనూ ఆయిల్‌లో మునగని క్లచ్‌లు ఉన్నవాటికి, మీ లాంటి రోజువారీ ప్రయాణంలో వేడెక్కే సమస్య ఉంటుంది, మీ పనికి దాన్ని సూచించను. ఈ దారిలో నష్టం డబ్బే. ఈ కార్లు ఖరీదు, మైలేజీ కొంత తక్కువ, పైగా క్లచ్ పోయిన కారును అమ్మితే కొనేవాళ్లు క్లచ్ ఖర్చుకంటే ఎక్కువే తగ్గించి అడుగుతారు.

మీ అబ్బాయి చెప్పిన ఎలక్ట్రిక్ కారు మీ దూరానికి బాగానే సరిపోతుంది. దానికి క్లచ్ లేదు, గేర్లు మారవు, ఆగి ఉన్నప్పుడు మోటారు తిరగదు. మీ అపార్టుమెంటు పార్కింగులో మీ మీటరుకు కలిపి ఛార్జరు పెట్టుకోనిస్తారా లేదా అన్నది సంఘంతో మాట్లాడి తేల్చుకోకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు. కాని నేను ముఖ్యంగా చెప్పేది వేరు. ఎలక్ట్రిక్ కారులో పెడల్ గట్టిగా నొక్కితే పూర్తి బలం ఆలస్యం లేకుండా వచ్చేస్తుంది. రెండు కాళ్లతో నడిపే అలవాటు పోకముందే అందులోకి మారితే, మద్దిలపాలెంలో లైటుతో పోయింది ఈసారి అంతటితో పోకపోవచ్చు. ఏ కారుకు మారినా ఎడమ కాలి సంగతి ముందు తేలాలి.

బస్సు కూడా తీసిపారేయాల్సిన మాట కాదు, అన్న తీరు నాకు నచ్చలేదు గాని. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచితమే. వారానికి మూడు రోజులు బస్సులో, అమ్మగారిని తీసుకెళ్లే రెండు రోజులు కారులో వెళితే క్లచ్ మీద భారం సగానికి పైగా తగ్గుతుంది. అయితే నిలబడి వెళ్లాల్సివస్తే, ఎత్తైన మెట్లు ఎక్కి దిగాల్సివస్తే మీ మోకాలు ఏమంటుందో డాక్టరును అడిగి నిర్ణయించుకోండి. మళ్లీ మాన్యువల్‌కు మారడం గురించి కూడా ఆ డాక్టరు మాటే తుది మాట, ఇంట్లో ఎవరిదీ కాదు. రోజూ కారే కావాలనుకుంటే ఋషికొండ మీదుగా బీచ్ రోడ్డు పట్టుకోవడం ఇంకో ఉపాయం. దూరం కొంత పెరిగినా ఆగి ఆగి కదిలే బాధ తగ్గుతుంది. చివర సముద్రం వైపు నుంచి సిరిపురానికి ఎక్కే ఎత్తు ఒకటి మిగులుతుంది, అక్కడ హ్యాండ్ బ్రేకు పద్ధతి పాటిస్తే చాలు.

మీవారి మాట గురించి. "నీ చేతికి ఏ బండి ఇచ్చినా ఇంతే" అనడం అన్యాయం. ఎత్తులో బ్యాలెన్స్ చేయడం నేర్పింది వారే. అయినా ఆ సంగతి ఆయన ముఖం మీద అనాలా వద్దా అన్నది మీ ఇంటి వాతావరణం ఎరిగిన మీరే చెప్పగలరు. అంటే మీ బరువు కొంత దిగుతుంది, కాని వారం రోజులు గొడవ నడవవచ్చు. అనకుండా, సర్వీస్ సెంటరుకు ఇద్దరూ కలిసి వెళ్లి, అక్కడి మనిషి చేత ఏఎంటీ ఎలా పనిచేస్తుందో ఆయన ముందే చెప్పించడం ఇంకో పద్ధతి. పాతికేళ్లు బండి నడిపినవాళ్లు భార్య చెబితే వినని యంత్రం సంగతులు మెకానిక్ చెబితే శ్రద్ధగా వింటారని నా అనుభవం.

ప్లేటు మార్చాలనే తేలితే, పాత ప్లేటును, ప్రెషర్ ప్లేటును పారేయవద్దని, మీ చేతికి ఇమ్మని ముందే చెప్పండి. లైనింగు అంతా ఒకే మందాన, రివెట్ల దాకా సమంగా అరిగి ఉంటే అది ఎక్కువ కాలపు వాడకం, అందులో మీకంటే ముందు నడిపినవారి వాటా చాలా ఉంటుంది. లైనింగు నల్లగా గాజులా నిగనిగలాడుతూ, ప్రెషర్ ప్లేటు ఇనుప ముఖం మీద నీలం రంగు మచ్చలు కనిపిస్తే అది వేడి, ఈ మధ్య ఎత్తుల మీద జరిగిన పని. రెండూ కలిసి కూడా ఉండవచ్చు. మీవారు పక్కన ఉన్నప్పుడే వెలుతురులో దాన్ని తిప్పి చూడండి.